మణికట్టు మీద మెసేజి

ఆ రోజు పొద్దున డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసులో మిగిలిన ఒక్క పరీక్షా తొందరగా ముగించాలి, రిపోర్టు మీద సంతకం పెట్టాలి, మిగతా పూటకి సెలవు చెప్పి ఇంటికొచ్చి, ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకోవాలి. నిద్ర కోసం కాదు. భర్త మెకానిక్‌గా పనిచేసే సరుకుల ఓడ ఈ రోజో రేపో ఏదో ఒక రేవు చేరుతుంది. రేవు చేరితే సిగ్నల్ వస్తుంది. సిగ్నల్ వస్తే మెసేజి వస్తుంది. వచ్చినప్పుడు తాను ఫోన్ పక్కనే ఉండాలి. అంతే పథకం.

మూడు వారాల క్రితం ఇంకో రేవులో ఆగిన ఓడ మీద నుంచి అతను మాట్లాడినప్పుడు ఆమె విసుగులో ఒక మాట అనేసింది. "వచ్చి మాత్రం ఏం చేస్తావు? అక్కడే ఉండు. నువ్వు లేకపోవడమే నాకు అలవాటైపోయింది" అంది. అవతల కాసేపు ఇంజన్ చప్పుడు వినబడింది. తర్వాత "సరేలే" అన్నాడు. ఆ వెంటనే లైను తెగిపోయింది. తెగిందా, అతనే పెట్టేశాడా అన్నది మాత్రం ఆమెకు ఇప్పటికీ తేలలేదు. మంచం మీద అతని వైపు ఖాళీగా కనబడకుండా ఉతికిన బట్టలు మడత పెట్టి అక్కడ పేర్చడం ఆమెకు అలవాటు. ఆ మూడు వారాల్లో ఆ బట్టలు బీరువాలోకి వెళ్ళనే లేదు.

డాక్టరమ్మ నిజానికి డాక్టరు కాదు. కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం చేసి, అక్కడి నుంచి హెడ్‌సెట్లు తయారుచేసే ఈ కంపెనీకి వచ్చింది. హెడ్‌సెట్ అంటే తలకు బిగించుకునే పెద్ద కళ్ళజోడు లాంటిది. అది పెట్టుకుంటే ఎదురుగా ఉన్న గది గదిలాగే కనిపిస్తుంది. దాని మీద గాలిలో తేలుతున్నట్టుగా బాణాలు, పటాలు, అక్షరాలు కూడా కనిపిస్తాయి. దానికి జంటగా మణికట్టుకు కట్టుకునే చిన్న తెర ఒకటి ఉంది. రెండూ కలిపి ఒకే పెట్టెలో అమ్మాలని కంపెనీ ఉద్దేశం.

చిక్కల్లా ఆ రెండూ కలిసినప్పుడే వస్తోంది. గాలిలో తేలే అక్షరాలు నాలుగడుగుల అవతల ఉన్నట్టు కంటికి తోస్తాయి. మణికట్టేమో మూరెడు దూరంలో ఉంటుంది. కన్ను ఒకదాని మీద కుదురుకుంటే రెండోది చెదిరి రెండు బొమ్మలవుతుంది. దానికి తోడు హెడ్‌సెట్ అద్దానికి కాస్త నల్ల రంగు, చిన్న తెరకి కాస్త మిణుకు. అరగంట పెట్టుకున్న వాళ్ళెవరైనా తల పట్టుకుని లేచేవారు. హెడ్‌సెట్ పెట్టుకుని మణికట్టు మీది అక్షరాలు తప్పు లేకుండా చదవొచ్చని డాక్టరమ్మ సంతకం పెడితేనే సరుకు బజారుకి వెళ్తుంది.

మేనేజరుకి ఆఫీసులో అందరూ పెట్టుకున్న పేరు లాంచింగ్ సార్. ఆయన "బాగున్నారా" అని అడిగినా అందులో "లాంచింగ్" అన్న మాట ఎక్కడో ఒకచోట దొర్లేది. ఆ పొద్దున ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"రండి మేడమ్. ఈ రోజు అసలు పరీక్ష. మీ సిమ్ ఇలా ఇవ్వండి."

"నా సిమ్ ఎందుకు సార్?"

సమాధానం ప్రోగ్రామర్ చెప్పింది. ఆవిడ అందరికంటే సీనియరు. లాంచింగ్ సార్‌తో సహా అంతా ఆవిడని అక్క అనే పిలుస్తారు. "మన శాంపిల్ వాక్యాలన్నీ నీకు కంఠతా వచ్చేశాయి. కళ్ళు మూసుకున్నా చదివేస్తావు. అందుకని నిజంగా నీకొచ్చే మెసేజీలే తెర మీదకి రావాలి. నీ సిమ్ ఆఫీసు ఫోన్లో వేస్తాం. వచ్చింది వచ్చినట్టు పైకి చదువు, చాలు."

డాక్టరమ్మకు కాదనాలనిపించింది. కానీ ఫోన్ దిండు పక్కనున్నా, మణికట్టు మీదున్నా మెసేజి తనకే కదా వచ్చేది అనుకుని సిమ్ తీసి ఇచ్చింది. ఇంతకంటే దగ్గరగా ఇంకెక్కడ వస్తుంది అని లోపల కాస్త సంతోషం కూడా కలిగింది.

మొదట బ్యాంకు వాళ్ళ ప్రకటన వచ్చింది, చదివింది. పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు గుర్తు చేశాడు, చదివింది. గాలిలో ఒక పచ్చ బాణం అటూ ఇటూ ఊగుతోంది. దాన్ని చూసి మణికట్టు వైపు చూసేసరికి ప్రతి అక్షరానికీ పక్కన ఇంకో అక్షరం నీడలా లేస్తోంది. కళ్ళు మంటలెత్తాయి. ఇక తీసేద్దామనుకుంటుండగా మణికట్టు చిన్నగా వణికింది. తెర మీద భర్త ఫొటో, ఫొటో కింద మూడే మూడు ముక్కలు.

"చదవండి మేడమ్!" అన్నాడు లాంచింగ్ సార్.

"పస్తున్నా" అని చదివింది డాక్టరమ్మ. "మళ్ళీ... పెళ్ళి..."

నిజానికి అతను మూడు వారాలు ఆలోచించి రాసిన మెసేజి ఇది: "వస్తున్నా. మళ్ళీ వెళ్ళి అక్కడ నువ్వు లేకుండా ఉండలేను. ఉద్యోగం మానేశా. ఇంకో గంటలో స్టేషన్‌లో దిగుతా. రా." చిన్న తెరలో "వెళ్ళి" దాకానే పట్టింది, మిగతాది చుక్కలైపోయింది. ఇక "వ"కీ "ప"కీ మధ్య ఉన్న తేడా ఒక్క చిన్న మెలిక. ఆ మెలిక పచ్చ బాణం పక్కన నీడలో కలిసిపోయింది. అందువల్ల ఇంటికి వస్తున్న మనిషి తిండి మానేసినవాడయ్యాడు, ఓడకి ఇక వెళ్ళనన్నవాడు మళ్ళీ పెళ్ళికి సిద్ధమైనవాడయ్యాడు.

డాక్టరమ్మకు ఇదేమీ తెలియదు. నీళ్ళు తిరిగిన కళ్ళు తుడుచుకోబోయి చెయ్యి ముఖం ముందు అడ్డంగా ఆడించింది. హెడ్‌సెట్‌కి ఆ సైగ బాగా తెలుసు. చెయ్యి అడ్డంగా ఆడిస్తే తుడిచెయ్యమని అర్థం. మెసేజి మాయమైపోయింది.

"అయ్యో! అక్కా, పోయింది! ఫోన్లో ఉంటుందిగా?" అంది డాక్టరమ్మ.

"ఉండదు. ఇక్కడ తుడిస్తే అక్కడ కూడా తుడుచుకుపోతుంది. అదే మన ప్రత్యేకత" అంది అక్క. ఆ ప్రత్యేకత రాసింది తనే కాబట్టి కాస్త గర్వంగా మొదలుపెట్టి, డాక్టరమ్మ ముఖం చూసి గొంతు తగ్గించింది. "తిండి మానేసి మరీ పెళ్ళి చేసుకుంటానంటున్నాడంటే... సీరియస్సే."

"బెదిరిస్తున్నాడంటావా?"

"ఒప్పుకునేదాకా తిననంటున్నాడేమో. మగాళ్ళు ఎప్పుడేం చేస్తారో ఎవరికి తెలుసు?"

మెసేజి పోయినా జవాబు బటన్లు మూడూ తెర మీద మిగిలే ఉన్నాయి. సరే, వద్దు, తర్వాత మాట్లాడదాం. పెద్ద పెద్ద అక్షరాలు కాబట్టి ఈసారి చదవడంలో తప్పు జరగలేదు. కాకపోతే మూడు బటన్లు ఆరుగా కనిపించాయి. డాక్టరమ్మ పళ్ళు బిగించి, రెండు "వద్దు"ల మధ్య వేలు పెట్టి గట్టిగా నొక్కింది.

ఆ వెంటనే ఫోన్ చేసింది. లైను కలవలేదు. హెడ్‌సెట్ నుదుటి మీదకి తోసుకుని మళ్ళీ మళ్ళీ చేసింది, గంట దాటాక స్విచాఫ్ అని వచ్చింది.

"మేడమ్, మీ బాధ నాకు అర్థమవుతోంది" అన్నాడు లాంచింగ్ సార్, చేతిలో కాగితం పట్టుకుని. "కానీ ఇంత బాధలో కూడా మెసేజి గడగడా చదివేశారు చూడండి. లాంచింగ్‌కి ఇంతకంటే ఏం కావాలి? ఇక్కడొక సంతకం..."

ఏ కాగితమో కూడా చూడకుండా ఆమె సంతకం గీకేసింది.

ఇంట్లో అత్తగారు ఉన్నారు. ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు. మామూలుగా మాట్లాడినా మైదానం అవతలి వాళ్ళకి వినపడేటంత గొంతు. కొడుకు ఓడ ఎక్కిన దగ్గర్నుంచి రోజూ టీవీలో వాతావరణం వార్తలు చూస్తూ, ఎక్కడో పేరు తెలియని సముద్రంలో గాలి వేగం పెరిగిందంటే ఆ పూట సరిగా తినేవారు కాదు. అన్నానికి కంచాలు పెట్టేటప్పుడు అలవాటుగా మూడు తీసి, ఒకటి చప్పుడు కాకుండా లోపల పెట్టేస్తారు. అలాంటి మనిషికి ఏం చెప్పాలో తెలియక డాక్టరమ్మ ఆఫీసు ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరికి సగమే చెబుదామనుకుని ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, మెసేజి వచ్చింది."

"వచ్చిందా! ఏమన్నాడు? ఎక్కడున్నాడు?"

"ఎక్కడో చెప్పలేదు. పస్తున్నాడట."

"ఏంటీ?"

"తిండి తినడం లేదట అత్తయ్యా."

అవతల టీవీ ఠక్కున ఆగిపోయింది.

"నేను ఆ ఓడ కంపెనీ ఆఫీసుకే పోతున్నా" అన్నారు అత్తగారు. "నా కొడుకుతో చాకిరీ చేయించుకుని తిండి పెట్టరా? వాడికి అన్నం ఎలా పంపిస్తారో తేల్చుకునే వస్తా."

"అత్తయ్యా, ఆగండి, అది కాదు..."

ఫోన్ పెట్టేశారు. ఓడ కంపెనీ వాళ్ళకి ఓడ మీద ఎవరేం చేస్తున్నారో అంతా తెలుస్తుంది. అక్కడికి వెళ్తే ఆ రెండో మాట కూడా అత్తగారి చెవిన పడుతుంది. అదీ ఆఫీసు నిండా జనం ముందు. పెద్దావిడ తట్టుకోగలదా? నుదుటి మీది హెడ్‌సెట్ సంగతే మరిచి, డాక్టరమ్మ ఒక్క పరుగున మెట్లు దిగి టాక్సీ ఎక్కింది.

"మేడమ్! హెడ్‌సెట్!" అని వెనక నుంచి లాంచింగ్ సార్ కేక.

"సంతకం పెట్టేశాగా సార్!" అని ఆమె టాక్సీ అద్దం ఎత్తేసింది. ఆయన కారు తీసి వెంటపడ్డాడు. లోకంలో అలాంటి హెడ్‌సెట్ ఆ ఒక్కటే ఉంది మరి.

అదే సమయానికి స్టేషన్‌లో ఒక బెంచీ మీద డాక్టరమ్మ భర్త పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో ఫోన్, ఫోన్లో ఒకే ఒక్క మాట. వద్దు. అతను మాటకారి కాదు. ఆమె ఎదురొస్తే ఏమనాలో రైలంతా ఆలోచించుకుని ఒకే వాక్యం సిద్ధం చేసుకున్నాడు. ఇంకేమైనా రాస్తుందేమోనని చూశాడు. ఒక రైలు వచ్చింది, జనం దిగారు, ఎవరెవరినో ఎవరెవరో వెతుక్కుని పట్టుకున్నారు, రైలు వెళ్ళిపోయింది. ఆమె అన్నది నిజమే అన్నమాట, అలవాటైపోయిందన్నమాట అనుకున్నాడు. ఇంకో "వద్దు" వస్తే చదవడం తనవల్ల కాదని ఫోన్ ఆపేశాడు. ఇంటికి వెళ్ళే ధైర్యం లేదు. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. స్టేషన్ ఎదుట టైర్ల షాపు మీద, మేడ పైన ఓడ కంపెనీ ఆఫీసు ఉంది. పెట్టె మోసుకుని ఆ మెట్లెక్కాడు.

ఏజెంటు అతన్ని చూసి కుర్చీలోంచి లేచాడు.

"దేవుడు పంపినట్టు వచ్చారు. రేపు బయల్దేరే ఓడకి మెకానిక్ లేడు, వాడికి జ్వరం. రాజీనామా చింపేస్తా. ఇదిగో కొత్త కాగితం, రెండేళ్ళు."

"రెండేళ్ళా?"

"మధ్యలో సెలవు అడగనంటే ఇంకాస్త పెద్ద ఓడ కూడా చూస్తా."

అతను పెన్ను తీసుకున్నాడు. పేరులో మొదటి అక్షరం రాశాడో లేదో, మెట్ల మీద నుంచి గొంతు వినబడింది.

"ఎవడ్రా ఇక్కడ అధికారి?"

అత్తగారు చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్‌తో లోపలికి వచ్చారు. నేరుగా ఏజెంటు బల్ల దగ్గరికి నడిచి, క్యారియర్‌ని ఆ కొత్త కాగితం మీద ఢామ్మని పెట్టి, నోరు తెరవబోయి పక్కకి చూశారు. కొడుకు.

మైదానమంతా వినపడే గొంతు ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియదు. "వచ్చావా" అన్నారు, దాదాపు గుసగుసగా. చేతులతో అతని ముఖం తడిమారు. తర్వాత తేరుకుని, "ఎంత చిక్కిపోయావురా!" అన్నారు.

ఓడ వంటమనిషి పుణ్యమా అని అతను బాగా ఒళ్ళు చేశాడు. చొక్కా గుండీల మధ్య నుంచి బనీను కనిపిస్తోంది. ఆ సంగతి అతను చెప్పబోతుంటే మొదటి ముద్ద నోట్లో పడింది. చెప్పడం ఆగిపోయింది. రెండో ముద్ద కూడా పడ్డాక ఇక ప్రయత్నించలేదు.

డాక్టరమ్మ ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది. పొద్దుట్నించి అలసిన కళ్ళకి ఎదుట ఇద్దరు భర్తలు కనిపించారు, ఇద్దరి నోళ్ళలోనూ అన్నం. ఒక కన్ను మూసుకుంది. ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ నిజంగానే అక్కడ కూర్చుని ఉన్నాడు. కాస్త నల్లబడ్డాడు. చెవుల దగ్గర నెరిసింది. గడ్డం కింద చిన్న గాటు, కొత్తది. అది ఎప్పుడు తగిలిందో, ఎవరు కట్టు కట్టారో తనకు తెలియదు. పరుగెత్తుకెళ్ళి ఆ గాటు ముట్టుకోవాలనిపించింది. కానీ ముందు అడగాల్సింది ఒకటుంది.

"ఎవరావిడ?" అంది.

అతను ముద్ద మింగాడు. "ఎవరు?"

"నాకేం తెలుసు? నువ్వే రాశావుగా!"

"నేనేం రాశాను? నువ్వే కదా వద్దన్నావు?"

"అనక? మళ్ళీ పెళ్ళి చేసుకుంటానంటే సరే అని రాయాలా?"

అత్తగారి చేతిలో ముద్ద గాలిలోనే ఆగిపోయింది. ఏజెంటు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. సరిగ్గా అప్పుడే లాంచింగ్ సార్ రొప్పుతూ వచ్చి, "మేడమ్, హెడ్‌సెట్..." అని, గదిలో అందరి ముఖాలూ చూసి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"పెళ్ళా?" అన్నారు అత్తగారు. డ్రిల్లు గొంతు తిరిగొచ్చింది. "తినడం మానేసింది అందుకట్రా?"

"నేను తినడం ఎప్పుడు మానేశానమ్మా!"

అతను ఎంగిలి చెయ్యి పైకెత్తి, ఎడమ చేత్తో ఫోన్ బయటకి తీసి ఆన్ చేశాడు. తను పంపిన మెసేజి తెరిచి భార్య చేతికిచ్చాడు. ఆమె హెడ్‌సెట్‌ని నుదుటి మీద నుంచి తీసి లాంచింగ్ సార్ చేతిలో పెట్టింది. ఒక కన్ను మూసుకుని, ఫోన్‌ని ముందుకీ వెనక్కీ జరిపి, బళ్ళో పిల్లలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"వ... వస్తున్నా. మళ్ళీ... వెళ్ళి... అక్కడ నువ్వు లేకుండా..."

తర్వాతి ముక్క పైకి చదవలేకపోయింది. లోపలే చదువుకుంది. చివర ఒంటరిగా ఉన్న "రా" దగ్గరికి వచ్చేసరికి రెండు కళ్ళూ తెరిచినా, మూసినా తేడా లేకుండా పోయింది.

"స్టేషన్‌లో చాలాసేపు చూశాను" అన్నాడతను మెల్లగా.

"నాకు అలవాటు కాలేదు" అంది ఆమె. "ఆ రోజు ఊరికే అన్నాను. ఏ రోజూ అలవాటు కాలేదు."

రైలంతా సిద్ధం చేసుకున్న వాక్యం అతనికి ఎంత వెతికినా దొరకలేదు. ఎంగిలి చెయ్యి దూరంగా పట్టుకుని, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అత్తగారు ఆగిపోయిన ముద్దని తనే తినేసి, కిటికీలోంచి స్టేషన్ వైపు చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారు.

గోడ దగ్గర నుంచి సన్నగా ఒక గొంతు. "అంటే మేడమ్... వస్తున్నా అని ఉంటే మీరు పస్తున్నా అని చదివారా?"

"అవును సార్."

"వెళ్ళి అని ఉంటే పెళ్ళి అని?"

"తడబాటు లేకుండా చదివాను సార్. మీరు కూడా విన్నారు."

లాంచింగ్ సార్ జేబులోంచి ఆ సంతకం కాగితం తీసి, ఒకసారి దాన్నీ, ఒకసారి ఆ భార్యాభర్తలనీ చూసి, ఏమనుకున్నాడో, నిలువునా చింపేశాడు. "లాంచింగ్ మూడు నెలలు వాయిదా" అన్నాడు. ఆయన నోట లాంచింగ్ అన్న మాట అంత దిగులుగా పలకడం డాక్టరమ్మ మొదటిసారి విన్నది.

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "మరి నా కాగితం సంగతి? మొదటి అక్షరం రాసేశారు."

అత్తగారు క్యారియర్ ఎత్తారు. కింద కాగితం మీద కూర నూనె ఇంతింత వలయాలుగా ఇంకి, అక్షరం కాదు కదా, కంపెనీ ముద్ర కూడా కనబడలేదు. "ఏదీ, ఎక్కడ రాశాడు? చూపించు" అన్నారు. ఏజెంటు చూపించలేకపోయాడు. ఆవిడ అతనికి కూడా రెండు ముద్దలు పెట్టి బయల్దేరారు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో మూడు కంచాలు బయటికొచ్చాయి, మూడూ బయటే ఉన్నాయి. మంచం మీది బట్టల దొంతర బీరువాలోకి వెళ్ళింది. డాక్టరమ్మ మర్నాడు ఆఫీసుకెళ్ళి, హెడ్‌సెట్ పెట్టుకున్నవాడు మణికట్టు వైపు చూస్తే గాలిలోని బొమ్మలన్నీ వెంటనే ఆగిపోవాలనీ, అక్షరాలు ఇప్పటికి రెండింతలు కావాలనీ, ముఖ్యంగా ఎవరైనా కళ్ళు తుడుచుకుంటే మెసేజీలు తుడుచుకుపోకూడదనీ కొత్త రిపోర్టు రాసిచ్చింది. అక్క ఆ మూడో మాట దగ్గర కాస్త నొచ్చుకుని, తర్వాత సరేనంది.

ఇంట్లో మెకానిక్‌కి రెండు రోజులు నిద్రతో గడిచింది. మూడో రోజు ఏం తోచక, పనిలేకుండా కూర్చోవడం చేతకాక, వంటింట్లో డబ్బాలన్నీ దించి, తుఫానొచ్చినా కదలకుండా ఓడ సామాను గదిలా బరువును బట్టి సర్దిపెట్టాడు. అత్తాకోడళ్ళిద్దరూ చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు.

ఉప్పు ఆ సాయంత్రానికి దొరికింది, చక్కెర కోసం ఇంకా వెతుకుతున్నారు.